టౌరంగా టీము మేనేజర్ గారు

మొన్న మా ఆయన ప్రభాకర్ ఫోన్‌కి ఒక ఫ్లెక్సీ ఫొటో వచ్చింది. కాకినాడ దగ్గర ఏదో ఊళ్ళో, బస్సులు ఆగేచోట రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టారు. పైన ఎర్రక్షరాలతో ‘అశ్రునివాళి’. మధ్యలో నిలువెత్తు బొమ్మ. తలమీద నీలం టోపీ, ఒంటిమీద చారల చొక్కా, భుజంమీద బ్యాటు. వెనకాల లక్షమంది పట్టే స్టేడియం, ఫ్లడ్‌లైట్లు, ఆకాశంలో బాణసంచా. కింద పసుపుపచ్చ అక్షరాలతో ‘న్యూజిలాండ్ దేశ బేస్‌బాల్ జట్టు రథసారథి, మన ఊరి ముద్దుబిడ్డ’ అని ఉంది.

ప్రభాకర్ ముందు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ఫోన్ నాకిచ్చాడు. నేనూ అదే వరసలో రెండూ చేశాను.

ఆయన నడిపింది దేశం జట్టు కాదు. న్యూజిలాండ్‌లో టౌరంగా అనే ఊళ్ళో మా వీధి చివర, సముద్రపు పాయ పక్కన, ఒకవైపుకి కాస్త వాలిపోయి ఉండే పచ్చిక మైదానంలో శనివారాలు ఆడుకునే ఒక టీము అది. స్టేడియం మాట దేవుడెరుగు, గట్టిగా వాన పడితే తలదాచుకోవడానికి ఒక పాత కంటైనరు ఉండేది. ప్రేక్షకులంటే మడతకుర్చీలు తెచ్చుకునే మేం నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్ళం, ఎవరిదో తెలియని ఒక కుక్క, ఇంకా పుకేకోలు. అవి నీలంగా, ఎర్రముక్కుతో ఉండే బురదకోళ్ళు. ఆట మధ్యలో మైదానం దాటి తీరిగ్గా పోయేవి. అవి పోయేదాకా ఆట ఆపేవాళ్ళం.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. ఊళ్ళో మా అందరికీ ఆయన మేనేజర్ గారు. మేం అలా పిలవడం విని తెల్లవాళ్ళు ‘గారు’ అనేది ఇంటిపేరనుకున్నారు. వాళ్ళకి ఆయన మిస్టర్ గారు. చివరికి బ్యాంకులో కూడా ఎవరో అలాగే పిలిచారట. ఆయనేమీ సరిదిద్దలేదు. “మర్యాదే ఇంటిపేరైపోయిందండి, ఇంకేం కావాలండి” అన్నారు.

ఆయన మేనేజర్ అయిన కథ ఆయనే చెప్పేవారు, అడిగినా అడక్కపోయినా. ఇండియాలో కోల్డ్ స్టోరేజీలో అసిస్టెంట్ మేనేజరుగా చేశారు. ఇక్కడికొచ్చి కివీపళ్ళ ప్యాక్‌హౌస్ ఆఫీసులో అకౌంట్స్‌లో చేరితే, అక్కడా అసిస్టెంటే. “జుట్టు ఊడిందండి, పళ్ళు ఊడాయండి, ముందున్న ఆ అసిస్టెంటు మాత్రం ఊడలేదండి” అనేవారు. ఒకరోజు సూపర్‌మార్కెట్ బయట బోర్డుమీద ‘మేనేజర్ కావలెను’ అని ఒక కాగితం కనిపించింది. అక్కడే నిలబడి ఫోన్ చేశారు. అవతల ఒకావిడ ఎత్తి, చూడండి, ఇది వాలంటరీ పని, జీతమేమీ ఉండదు అంది.

“జీతం సంగతి తర్వాత చూద్దామండి. పోస్టు పేరు మేనేజరేనాండి?” అని అడిగారు ఈయన.

మేనేజరే అంది ఆవిడ.

“ముందేమీ లేదు కదండి?”

ఏమీ లేదంది. ఒప్పేసుకున్నారు. అది ఆట అని, ఆ ఆట బేస్‌బాల్ అని, శనివారం మైదానానికి వెళ్ళాకే తెలిసింది.

మామూలుగా ఏ ఆటలోనైనా టీముని నడిపేవాడు ప్యాంటూ షర్టూ వేసుకుని గట్టుమీద నిలబడతాడు. బేస్‌బాల్‌లో అలా కాదు, మేనేజర్ కూడా ఆటగాళ్ళ బట్టలే వేసుకోవాలి. ఆయనకప్పటికే అరవై దగ్గరపడ్డాయి. గోదావరి జిల్లా పూతరేకులు, పనసపొట్టు కూర పెంచిన పొట్ట. దానిమీద బిగుతుగా తెల్ల ప్యాంటు, వెడల్పాటి బెల్టు, మోకాళ్ళదాకా చారల మేజోళ్ళు. ఆ బట్టలంటే ఆయనకి ఎంత ఇష్టమంటే ఒకసారి ఉగాదికి మ్యాచ్ నుంచి తిన్నగా అలాగే వచ్చేశారు. పట్టుచీరల మధ్య, పంచెల మధ్య, ముందువరసలో మేజోళ్ళతో కూర్చుని పంచాంగ శ్రవణం విన్నారు. ఆక్లాండ్ నుంచి వచ్చిన పంతులుగారు రాశిఫలాలు పూర్తిచేసి పుస్తకం మూయబోతుంటే లేచి నిలబడ్డారు.

“పంతులుగారూ, మా టీముకి ఎలా ఉందో కాస్త చూడండి.”

“టీముకా? ఏ రాశి?”

“రాశి తెలీదండి. పోయినేడాదంతా ఓడిపోయారు, దాన్నిబట్టి కనుక్కోవచ్చేమో చూడండి.”

పంతులుగారూ గట్టివాడే. కాసేపు ఆలోచించి ఏదో ఒక రాశి తేల్చి, రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు అన్నారు.

“ఆరేనా!” అని మేనేజర్ గారు మావైపు తిరిగి మొహం చాటంత చేసుకున్నారు. “బాగా తగ్గిందండోయ్ ఈ ఏడు!”

నేనాయన్ని మొదట కళ్ళతో చూడలేదు, చెవులతో విన్నాను. మేం తెనాలి నుంచి టౌరంగా వచ్చిన కొత్త. నేను ఆసుపత్రిలో నర్సుగా చేరాను. ప్రభాకర్ విజయవాడలో ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. మైకు లేకుండా క్లాసులో చివరి బెంచీదాకా వినిపించే గొంతు. ఇక్కడ పాఠాలు చెప్పాలంటే మళ్ళీ చదవాలన్నారు, మళ్ళీ పరీక్షలన్నారు. ఈలోపు ప్యాక్‌హౌస్‌లో పళ్ళు ఏరే పనికి కుదిరాడు. పనిలో మాట్లాడాల్సిన అవసరం లేదు. ఇంటికొచ్చీ మాట్లాడటం మానేశాడు. అన్నం పెట్టనా అంటే ఊఁ, చర్చికి వెళ్దామా అంటే ఊహూఁ. అంతకుముందు ఇంట్లో ఆ గొంతు తగ్గించమని పోట్లాడేదాన్ని. ఇప్పుడు ప్రార్థనలో ఆ గొంతు తిరిగి ఇమ్మని అడిగేదాన్ని.

ఒక శనివారం బలవంతంగా నడకకి లాక్కెళ్ళాను. వీధి మలుపు తిరుగుతుంటే వినిపించింది.

“లగెత్తు! ఒరే నాయనా, లగెత్తమంటుంటే! ఆగు ఆగు ఆగు... అయ్యో, ఆగమన్నాను కదరా బాబూ!”

ఇద్దరం ఆగిపోయాం. మైదానంలో కొండంత ఆకారం ఒకటి, తర్వాత తెలిసింది అతని పేరు సియోనె అని, సమోవా మనిషి, ‘లగెత్తు’ అంటే పరిగెత్తి, ‘ఆగు’ అంటే ఆగాడు. గట్టుమీద చారల మేజోళ్ళ పెద్దమనిషి తలపట్టుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి ఆ తల వదిలేసి వచ్చారు.

“తెలుగువాళ్ళేనాండి? ఆయ్, మొహాలు చూస్తేనే తెలిసిపోయిందండి. కూర్చోండి, కూర్చోండి. మజ్జిగ తాగుతారా?”

ఎందుకు తెలుగులో అరుస్తున్నారని అడిగితే అదంతా వ్యూహం అన్నారు. ఈ ఆటలో మేనేజర్లందరూ ముక్కు గోక్కుని, చెవి లాక్కుని, టోపీ తడుముకుని రహస్యంగా సైగలు చేస్తారట. “నాకు ఆ గోక్కోడాలు ఒంటికి పడలేదండి. ఒకసారి నిజంగానే చీమ కుట్టి గోక్కుంటే ముగ్గురు పరిగెత్తి ముగ్గురూ ఔటైపోయారు. అప్పుడు తట్టింది. మనకి తెలుగుండగా ఈ గోకుడెందుకండి?” అలా ‘లగెత్తు’, ‘ఆగు’, ‘వద్దు’, ‘కొట్టు’ అనే నాలుగు మాటలు టీము మొత్తానికి నేర్పారు. అవతలివాళ్ళకి ఏమీ అర్థం కాదు. అయినా ఎందుకు ఓడిపోతున్నారని నేను అడగలేదు. మొదటి పరిచయం కదా.

ఆట గురించి కూడా అక్కడే చెప్పారు. నాలుగు మూలలా నాలుగు తెల్లటి దిండ్లలాంటివి పరిచి ఉంటాయి, అందులో ఒకదాని పేరు ఇల్లు. “ఏం లేదండి, బంతి కొట్టి ఇంట్లోంచి బయల్దేరాలి. మూడు మూలలూ తిరిగి మళ్ళీ ఇంటికి రావాలి. దార్లో ఎవరికీ దొరక్కూడదు. మగాడన్నాక ఆమాత్రం చెయ్యలేడాండి?”

నేను నవ్వాను. ప్రభాకర్ నవ్వలేదు. మేనేజర్ గారు అతన్ని కాసేపు చూశారు.

“తవరేం చేస్తుంటారండి?”

“పళ్ళు ఏరుతుంటాను” అన్నాడు ప్రభాకర్.

“అంతకుముందు?”

“లెక్చరర్ని.”

“ఎంతమందికి చెప్పేవారండి, క్లాసులో?”

“వందమంది పైనే.”

మేనేజర్ గారి మొహం వెలిగిపోయింది. ఓదార్పు మాటొకటీ లేదు, అయ్యో పాపం అని లేదు. “చూడండి, నాకు బీపీ ఉంది. డాక్టరుగారు అరవద్దన్నారు. అదిగో ఆ మూడో మూల పక్కన నిలబడి, నేను చెప్పిన మాట అక్కడున్నవాడికి గట్టిగా చెప్పాలి. అంతే పని. తెల్లవాడొకణ్ణి పెట్టాను కానీ వాడు ‘లగెత్తు’ని ‘లెగ్ ఎత్తు’ అంటున్నాడు. వీళ్ళు నిజంగానే కాలెత్తి నిలబడుతున్నారండి.”

ప్రభాకర్ నావైపు చూశాడు. వెళ్ళు అన్నట్టు తలూపాను. వెళ్ళి నిలబడ్డాడు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు. కాసేపటికి మేనేజర్ గారు ఇటునుంచి మెల్లగా “లగెత్తు” అన్నారు.

ప్రభాకర్ నోరు తెరిచాడు. మైదానం అదిరిపోయింది. కుక్క మొరిగింది. పుకేకోలు లేచిపోయాయి. సియోనె మూడో మూల దాటి, ఇల్లు కూడా దాటి, కంటైనరుదాకా పరిగెత్తాడు. నేను కుర్చీలో కూర్చుని చున్నీ నోట్లో కుక్కుకున్నాను, నవ్వో ఏడుపో నాకే తెలీకుండా. ఆ సాయంత్రం ఇంటికెళ్ళేదాకా ప్రభాకర్ మాట్లాడుతూనే ఉన్నాడు. సియోనె పరుగులో ఊపు ఎంత, బరువు ఎంత, ఆగమన్నచోట ఎందుకు ఆగలేడు అని ఫిజిక్స్ పాఠం చెప్తూనే ఉన్నాడు. మర్నాడు గొంతు పోయింది. ఉప్పునీళ్ళు కాచి ఇస్తుంటే నాకు పండగలా ఉంది.

అప్పట్నుంచి శనివారాలు అక్కడే. మాతోపాటు అనంతపురం శ్రీనివాసులు, ఆయన భార్య కూడా వచ్చేవారు. శ్రీనివాసులు సాఫ్ట్‌వేర్ మనిషి. ఓటమి అనేది సరిచెయ్యగలిగిన తప్పు అని ఆయన నమ్మకం. ప్రతి మ్యాచ్ అయ్యాక, “ఇట్లయితే ఎట్ల సార్? ఆ పిల్లోనికి బంతి కనపడనే కనపడదు. వాణ్ణి తీసేయల్ల” అనేవాడు.

“తీసేస్తే వాడు శనివారం ఎక్కడికి పోతాడండి?” అనేవారు మేనేజర్ గారు.

శ్రీనివాసులు మిక్చర్ పొట్లం విప్పుకునేవాడు.

ఆయన్ని మైదానంలోంచి పంపేసిన రోజు ఒకటుంది. అంపైరు హెలెన్, బళ్ళో ఆటలు నేర్పి రిటైరైనావిడ. ఈనెపుల్లలా ఉంటుంది, మాటా అంతే. ఆవిడ ఒకసారి చెప్పిందంటే ఇక అంతే, మార్చడమనేది లేదు. ఆరోజు బాగా ఎండగా ఉంది. హెలెన్ బంతికీ బంతికీ మధ్య మోకాలు నొక్కుకుంటోంది. మేనేజర్ గారికది కనిపించింది. ఇంకేం, ఆట జరుగుతుండగానే నా ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని, మైదానం మధ్యలోకి నడిచివెళ్ళి, ఆవిడ వెనకాల వేసి, చేత్తో తుడిచి, “కూర్చోండి మేడమ్ గారూ” అన్నారు.

అవతలి టీము నవ్వింది. ముసలిదానివి, నిలబడలేవు అని వెక్కిరిస్తున్నాడనుకుంది హెలెన్. మొహం ఎర్రగా చేసుకుని బొటనవేలు భుజం మీదుగా వెనక్కి విసిరింది. ఈ ఆటలో దానర్థం బయటికి పో అని. ఈయనకది తెలీదు. బొటనవేలు కనిపించింది కాబట్టి మెచ్చుకుందనుకున్నారు. తనూ బొటనవేలు చూపించి థాంక్యూ చెప్పి వచ్చేశారు.

“సంతోషించిందండి పాపం” అన్నారు నాతో.

“అంకుల్, మిమ్మల్ని వెళ్ళిపొమ్మంది” అన్నాను.

“ఎక్కడికండి?”

నిబంధన ప్రకారం మేనేజర్ కనిపించకుండా పోవాలి. ఆయన వెళ్ళి కంచె అవతల ఆపిన తన కారులో కూర్చున్నారు. తర్వాత హారన్ ఒకసారి మోగింది. ప్రభాకర్‌కి వెంటనే అర్థమై “లగెత్తు!” అని అరిచాడు. రెండు హారన్లు, “ఆగు!” వైపర్లు అటూ ఇటూ ఊగాయి, “వద్దు!” పక్కింటాయన కిటికీ తెరిచి ఎవరైనా చచ్చిపోయారా అని అడిగాడు. హెలెన్ ఆట ఆపి, కుంటుకుంటూ కారుదాకా వెళ్ళి అద్దంమీద తట్టి, నువ్వు నాకు కనిపించకూడదు అంది. ఈయన మర్యాదగా సీట్లో కిందికి జారారు. టోపీ మాత్రం కనిపించింది. ఇంకా అంది ఆవిడ. టోపీ తీసేశారు. బట్టతల కనిపించింది. అప్పుడు హెలెన్ అటు తిరిగి భుజాలు ఎగరేసి ఎగరేసి నవ్వడం నేను చూశాను. ఆ తర్వాతి శనివారం ఆవిడ చిన్న మడతపీట ఒకటి తెచ్చుకుంది. ఆట మధ్యలో విరామం దొరికినప్పుడల్లా దానిమీద కూర్చుంది. మేనేజర్ గారు చూడనట్టే అటు తిరిగి నిలబడ్డారు.

ఇక మా టీము గెలిచిన రోజు సంగతి. గెలిచిన రోజు అని ఏకవచనంలో ఎందుకంటున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

అవతలి దీవిలో ఉన్న క్రైస్ట్‌చర్చ్ నుంచి కాలేజీ కుర్రాళ్ళ టీము ఒకటి వచ్చింది. పాత వ్యానులో, సముద్రం దాటే ఓడెక్కి, దారిపొడవునా ఊరూరా ఆడుకుంటూ వచ్చారు. మంచి జోరుమీదున్నారు. మావాళ్ళు ‘లగెత్తు’ అంటే వాళ్ళు ముందే కాచుకునేవారు, ‘ఆగు’ అంటే తీరిగ్గా నిలబడేవారు. మేనేజర్ గారికి ఏం జరుగుతోందో తెలీలేదు. వాళ్ళలో బంతి విసిరే అబ్బాయిని చూసి మాతో గట్టిగానే అన్నారు, “ఆ బాబు పొద్దున్న ఇడ్లీలు గట్టిగా లాగించినట్టున్నాడండి. చెయ్యి లేస్తోంది కానీ పొట్ట రానంటోంది.”

మేం నవ్వాం. అవతలి టీము బెంచీమీద కూడా ఒకరు పకపకా నవ్వారు.

మేనేజర్ గారు మెల్లగా అటు తిరిగారు. బెంచీ చివర టోపీ కిందికి లాక్కుని ఒక మనవాడు కూర్చుని ఉన్నాడు.

“బాబూ, ఏ ఊరు నాయనా?”

“వరంగల్ పక్కకు అంకుల్. ఇక్కడ క్రైస్ట్‌చర్చ్ రిక్కార్టన్‌ల ఉంటా.” అతను సిగ్గుపడుతూ లేచాడు. “ఏమనుకోకుండ్రి. మీరు ఏదంటే అది మావోళ్ళకు చెప్పుడే ఇయ్యాల నా పని.”

“ఎంతసేపట్నుంచి?”

“సురువు అయినకాడి నుంచి.”

మేనేజర్ గారికి కోపం రాలేదు. “తిన్నావా నాన్నా?” అని అడిగారు. తర్వాత మావాళ్ళందర్నీ దగ్గరికి పిలిచి, గుండ్రంగా నిలబెట్టి, ఇంగ్లీషులో గుసగుసగా కొత్త ఆజ్ఞ ఇచ్చారు. ఇప్పట్నుంచి అంతా తిరగేసి. ‘ఆగు’ అంటే పరిగెత్తాలి, ‘లగెత్తు’ అంటే ఆగాలి. అందరూ తలలూపారు. కెంజి ఒక్కడూ ఊపలేదు, ఎందుకంటే అతను అక్కడ లేడు. కెంజి తోటల్లో కొమ్మలు కత్తిరించే పనిచేసే జపాన్ మనిషి, క్రమశిక్షణకి మారుపేరు. ఆ సమయానికి మైదానం అవతల మరుగుదొడ్డికి వెళ్ళాడు.

ఆఖరి ఘట్టం. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మూడో మూలన కెంజి, రెండో మూలన మైక్ అనే పొడుగాటి వడ్రంగి. ఈ ఆటలో బంతి కొట్టకపోయినా అదను చూసి తర్వాతి మూలకి పరిగెత్తొచ్చు. మేనేజర్ గారు ఊపిరి పీల్చుకుని “ఆగు!” అన్నారు. ప్రభాకర్ “ఆగు!” అని గర్జించాడు. వరంగల్ అబ్బాయి తనవాళ్ళకి ఆగమంటున్నారని చెప్పాడు. వాళ్ళు కాస్త సడలారు. కెంజి మాట జవదాటడు కాబట్టి ఆగాడు. మైక్ కొత్త ఆజ్ఞ ప్రకారం రెండో మూల నుంచి ప్రాణాలొడ్డి పరిగెత్తి, బోర్లాపడి జారుకుంటూ వచ్చి మూడో మూలన కెంజి కాళ్ళు పట్టుకున్నాడు. ఒక్క దిండుమీద ఇద్దరు. ఆట నియమంలో అలా కుదరదు, ఒకరు ఔటవ్వాలి.

“ఏంది సార్ ఇది, బస్సులో సీటా!” అని శ్రీనివాసులు కుర్చీలోంచి లేచాడు.

చేతిలో బంతి ఉన్న అవతలి కుర్రాడు ఆత్రంగా మూడో మూలకి విసిరాడు. అక్కడ పట్టుకోవాల్సిన అబ్బాయి, కాళ్ళు పట్టుకున్న మైక్‌నీ, జపాన్ పద్ధతిలో వంగి క్షమాపణ చెప్తున్న కెంజినీ చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. బంతి అతని తల మీదుగా పోయి గట్టు కింద జమ్ములో పడింది. వెతకడానికి ఇంకో అబ్బాయి దూరాడు. లోపల పుకేకో గూడు పెట్టుకుంది కాబోలు, రెక్కలు విప్పుకుని అతని మీదికొచ్చింది. అతను బంతి లేకుండా బయటికి పరిగెత్తుకొచ్చాడు. ఈలోపు ప్రభాకర్ నియమాలన్నీ మరిచిపోయి, తెలుగు మరిచిపోయి, కేకలు పెడుతూ ఇద్దర్నీ చెరో చేత్తో ఇంటివైపు తోసినంత పనిచేశాడు. ఇద్దరూ వచ్చేశారు. ఔట్ కాలేదని హెలెన్ చేతులు రెండూ బారజాపింది. గెలిచాం.

సియోనె నన్ను కుర్చీతో సహా ఎత్తాడు. శ్రీనివాసులు ఎవరిదో తెలీని ఆ కుక్కకి మిక్చర్ పొట్లం మొత్తం పెట్టేశాడు. మేం మా గోలలో ఉండి మేనేజర్ గార్ని సరిగా చూడలేదు. ఆయన మా డబ్బాల్లోని పులిహోరంతా తీసుకెళ్ళి క్రైస్ట్‌చర్చ్ కుర్రాళ్ళకి పెడుతున్నారు. వాళ్ళ వ్యాను కనుచూపు దాటేదాకా రోడ్డుమీద నిలబడి చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

పోయిన శీతాకాలం మొదట్లో, కూర్చున్న కుర్చీలోనే, గుండె ఆగి వెళ్ళిపోయారు. నేను ఆసుపత్రిలో రోజూ చావు చూస్తుంటాను. అయినా ఆ కబురు విన్నప్పుడు చేతిలో ఉన్న ట్రే ఎక్కడ పెట్టాలో తెలీలేదు.

అంతా అయ్యాక ఒక శనివారం కంటైనరు దగ్గర కలుసుకున్నాం. పెద్ద ఏర్పాటేమీ కాదు. ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చారు. సియోనె, మైక్, కెంజి, హెలెన్, మేం, శ్రీనివాసులు వాళ్ళు. ఆయన భార్యని, మా ఆంటీని, నేను వెళ్ళి తీసుకొచ్చాను. ఆవిడ అన్నేళ్ళలో ఒక్కసారి కూడా మైదానానికి రాలేదు. ఆ బంతి ఆయనకెక్కడ తగులుతుందోనని ఆవిడకి భయం.

మొదట అందరం బిగుసుకుని కూర్చున్నాం. తర్వాత మైక్ ‘లెగ్ ఎత్తు’ కథ చెప్తూ లేచి కాలెత్తి చూపించాడు. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. హెలెన్ కారు అద్దం తట్టిన కథ తనే చెప్పింది. సియోనె చీమ కుట్టిన కథ చెప్తూ మధ్యలో ఏడ్చేశాడు, అంత పెద్ద మనిషి. ఏడుస్తూనే మిగతాది పూర్తిచేశాడు. నేను ఆంటీ పక్కన కూర్చుని తెలుగులో చెప్తుంటే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎవరూ గెలుపోటముల మాట ఎత్తలేదు. ఎత్తడానికి అందులో ఏముంది కనక!

ఆంటీయే ఎత్తింది.

“శనివారం సాయంత్రం ఆయన మొహం చూడాలమ్మా. గుమ్మంలో బూట్లు విప్పుతూనే కూనిరాగాలు. ఏవైందండీ అంటే, ‘ఆయ్, అదరగొట్టేశారే మావాళ్ళు!’ అనేవారు. ఎవరు ఎలా పరిగెత్తారో, ఎవరు ఎలా కొట్టారో చేతులూపుతూ చెప్పేవారు. ప్రతివారం అంతే. వారవారం గెలవడం అంటే మాటలా? నాకు భలే గర్వంగా ఉండేది.”

శ్రీనివాసులు కంటైనరు పైకప్పు కేసి చూడటం మొదలుపెట్టాడు. అర్థంకాని మిగతావాళ్ళు నా మొహం చూస్తున్నారు.

“ఒక్కసారి మాత్రం ఓడిపోయి వచ్చారు” అంది ఆంటీ. “క్రైస్ట్‌చర్చ్ నుంచి ఎవరో పిల్లలు వచ్చారట. ఆరోజు కూనిరాగం లేదు, మాటా లేదు. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయారు. ‘పాపం’ అంటారు, అటూ ఇటూ తిరుగుతారు, మళ్ళీ ‘పాపం, సముద్రం దాటి వచ్చారే’ అంటారు. ఓటమి అలవాటు లేని మనిషి కదా, తట్టుకోలేకపోయారు. ఏం బాబూ, అంత ఘోరంగా ఓడిపోయారా ఆ రోజు?”

ప్రభాకర్‌ని అడిగింది. అంత గొంతున్నవాడు తలవంచుకుని, మెల్లగా “అవునాంటీ. ఆరోజు మాకేదీ కలిసిరాలేదు” అన్నాడు.

“మిగతావన్నీ గెలిచారు కదా?”

ప్రభాకర్ నావైపు చూశాడు. నేను శ్రీనివాసులు వైపు చూశాను. ఆయన ఇంకా పైకప్పు దగ్గరే ఉన్నాడు.

హెలెన్ నా మోచెయ్యి తట్టి, ఏమంటోందావిడ అని అడిగింది. మెల్లగా చెప్పాను. గెలిచిన రోజు ఓడిపోయారనుకుందని, ఓడినవన్నీ గెలిచారనుకుందని. హెలెన్ ఆంటీ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత నడుం నిటారుగా పెట్టి కూర్చుంది, మైదానంలో ఉన్నట్టే.

“ఆ మ్యాచ్‌లన్నిటికీ అంపైరుని నేనే” అంది. “ఆ ఒక్కరోజే ఓడిపోయారు. అదే నా తీర్పు. ఆవిడకి చెప్పు.”

నేను ఆంటీకి తెలుగులో చెప్పాను.